చెరువు గట్టు నుంచి ప్రయోగశాల వరకు: పర్యావరణ బోధనలో సమన్వయం

కళాశాలల్లో పర్యావరణ అధ్యయనం తప్పనిసరి పాఠ్యాంశం కావడానికి న్యాయస్థానం ఆదేశమే మూలం. ఎం.సి.మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబర్ 22న ఈ మేరకు ఆదేశాలు జారీ చేసింది. వాటి అమలు కోసం 2003 డిసెంబర్ 18న మరోమారు ఉత్తర్వులు ఇచ్చింది. దరిమిలా విశ్వవిద్యాలయాల నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించగా, 2004-05 విద్యా సంవత్సరం నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ పాఠ్యక్రమంలోని 50 పీరియడ్లలో క్షేత్ర అధ్యయనానికి కేటాయించినవి 5. పరీక్షలోని 100 మార్కుల్లో మాత్రం దానికి 25 మార్కులు. పదో వంతు కాలానికి నాలుగో వంతు మార్కులన్నమాట! ఒక్క విహారయాత్ర, నాలుగు ఛాయాచిత్రాలు అతికించిన నివేదికతో ఆ పాతిక మార్కులు ముగిసిపోతే పాఠ్యక్రమ రూపకర్తల ఉద్దేశం నెరవేరినట్లు కాదు. జాతీయ విద్యా విధానం-2020కి అనుగుణంగా 2023లో వెలువడిన నూతన మార్గదర్శకాలలోనూ క్షేత్ర అధ్యయనానికి స్థానం కల్పించడం గమనార్హం.

పర్యావరణ శాస్త్రం ప్రత్యేక విభాగంగా ఉన్న కళాశాలలకు ఈ బాధ్యత మరింత అధికం. క్షేత్రానికి, ప్రయోగశాలకు మధ్య సమన్వయం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి హైదరాబాద్ తూర్పు ప్రాంత విద్యార్థులు దూరం వెళ్లనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల్లోని కళాశాలలకు సరూర్‌నగర్ చెరువు కూతవేటు దూరంలోనే ఉంది.

కుతుబ్‌షాహీల పాలనా కాలంలో 17వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఈ చెరువు విస్తీర్ణం సుమారు 100 ఎకరాలు. ఒకప్పుడు పొలాలకు సాగునీరు అందించిన జలాశయం నగర విస్తరణతో మురుగునీటికి నెలవైంది. 2003-04లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) దీనిని పునరుద్ధరించింది. మీర్‌పేట వైపు గల గొలుసుకట్టు చెరువుల నీరు ఇందులోకి చేరుతుంది. మిగులు జలాలు మూసీ వైపు సాగుతాయి. 2020 అక్టోబర్ రెండో వారంలో కురిసిన కుండపోత వర్షాలకు చెరువు పరిసర కాలనీలు నీట మునిగిన సంగతి స్థానికులకు ఇంకా గుర్తే. కనుక ఈ నీటి గురించి విద్యార్థి రాసే ప్రతి అంకె చుట్టుపక్కల నివసించే వేలాది కుటుంబాలకు సంబంధించినదే.

ఉదయం 11 గంటల భ్రమ

నీటి ఆరోగ్యాన్ని తెలిపే కొలమానాలలో ప్రధానమైనది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపల పెంపకానికి అనువైన నీటిలో ఇది లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు. స్నానానికి అనువైన నీటిలో 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. సాధారణంగా కళాశాల బస్సు ఉదయం 11 గంటల ప్రాంతంలో గట్టుకు చేరుతుంది. అప్పుడు నమూనా తీసి పరీక్షిస్తే ఫలితం బాగానే ఉండవచ్చు. చెరువు క్షేమంగా ఉందని విద్యార్థి నిర్ధారణకు వస్తాడు. ఆ నిర్ధారణ తప్పు కావడానికి ఎంతో అవకాశం ఉంది.

మురుగునీటిలోని నత్రజని, భాస్వరాల వల్ల నాచు విపరీతంగా పెరిగిన చెరువులో పగలంతా కిరణజన్య సంయోగక్రియ సాగి ఆక్సిజన్ పెరుగుతుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద నీటిలో సహజంగా ఇమిడే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఇటువంటి చెరువులో మధ్యాహ్నానికి అది ఆ పరిమితిని కూడా దాటవచ్చు. రాత్రి ఉత్పత్తి ఆగిపోతుంది. నాచు, బ్యాక్టీరియా, చేపలు అన్నీ ఉన్న ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారుజామున నిల్వ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. చెరువుల్లో చేపలు మూకుమ్మడిగా చనిపోయిన దృశ్యాలు ఉదయం పూటే వెలుగు చూడటానికి ఇదొక ప్రధాన కారణం. తెల్లవారుజామున ఒకమారు, మధ్యాహ్నం మరోమారు నమూనాలు సేకరిస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. ఆ వేళకు విద్యార్థులను తీసుకురావడం ఇబ్బందే అయినా, సమీపంలో నివసించే కొద్దిమందితో ఒక బృందాన్ని ఏర్పాటు చేసి, అధ్యాపకులు వెంట ఉంటే అది అసాధ్యమేమీ కాదు.

ప్రయోగశాల గట్టుమీదే మొదలు

ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతిలో సగం పని చెరువు వద్దనే పూర్తి కావలసి ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసాను గాలిబుడగ లేకుండా నింపి, వెంటనే మాంగనస్ సల్ఫేట్, క్షార అయొడైడ్-అజైడ్ ద్రావణాలు కలపాలి. గోధుమరంగు అవక్షేపం ఏర్పడితే ఆక్సిజన్ అక్కడికక్కడే స్థిరపడినట్లు. తరువాత ప్రయోగశాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో దానిని కరిగించి, పిండి ద్రావణం సూచికగా సోడియం థయోసల్ఫేట్‌తో అంశమాపనం జరిపితే నీలిరంగు మాయమయ్యే చోట జవాబు దొరుకుతుంది. స్థిరపరచకుండా సీసాను బస్సులో కుదుపుతూ తీసుకువస్తే కొలిచేది చెరువు నీటిని కాదు, ప్రయాణాన్ని. ఉష్ణోగ్రత, పి.హెచ్. విలువలు కూడా అక్కడే నమోదు చేయవలసినవి.

అసలు చిక్కు జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బి.ఓ.డి. పరీక్షతో వస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ పద్ధతి ప్రకారం నమూనాను 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచి తిరిగి పరీక్షించాలి. గురువారం క్షేత్ర పర్యటన జరిపితే సీసా తెరవవలసిన రోజు ఆదివారం! కళాశాలకు తాళం. సోమవారం సేకరిస్తే గురువారం, బుధవారం సేకరిస్తే శనివారం చూసుకోవచ్చు. ఇంత చిన్న విషయాన్ని పట్టించుకోనందువల్లే శ్రమపడి తెచ్చిన నమూనాలు వృథా అవుతుంటాయి. కాలపట్టిక తయారుచేసే వేళ ప్రయోగశాల సహాయకుని సంప్రదించడం ఎంతైనా అవసరం. పలుచన చేయడానికి కావలసిన నీటిని ముందురోజే సిద్ధం చేయవలసినది ఆయనే కదా.

సమన్వయం ఒకవైపు నుంచే ఉంటే చాలదు. మురుగు కలిసే చోట తీసిన నీటిని పలుచన చేయకుండా ఉంచితే మూడు రోజుల లోపే ఆక్సిజన్ పూర్తిగా హరించుకుపోయి ఫలితం రాదు. ఎంత పలుచన చేయాలో ప్రయోగశాలలో ఉన్నవారికి తెలిసేది గట్టుమీద రాసిన చిట్టాను బట్టే. నీటి రంగు, వాసన, నురగ, గుర్రపుడెక్క పరిమాణం, నమూనా తీసిన చోటు, సమయం, ముందురోజు వర్షం కురిసిందా లేదా అనే వివరాలు అందులో ఉండాలి. ఈ వివరాలు లేని సీసా ప్రయోగశాలకు మూగ సీసాయే.

గణేశ్ నిమజ్జనం విద్యార్థులకు మరొక అవకాశం. నిమజ్జనానికి ముందు, నిమజ్జన సమయంలో, ఆ తరువాత మూడు దశల్లో నీటి నాణ్యతను పరిశీలించాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో త్వరగా కరగదు. రంగుల్లోని సీసం, క్రోమియం వంటి లోహాలు చాలామేరకు అడుగు బురదలో చేరతాయి. పైనీటిని మాత్రమే పరీక్షించినవారికి అవి కనిపించవు. పండుగకు ముందే బురద నమూనా తీసి భద్రపరచకపోతే తరువాత పోల్చడానికి ఆధారం ఉండదు. వినాయక చవితి తేదీ పంచాంగంలో ముందే తెలుస్తుంది కనుక సన్నాహాలకు వ్యవధి లోపించదు.

నీటితోనే అధ్యయనం ముగియనవసరం లేదు. వనస్థలిపురం వద్ద కృష్ణజింకలకు ఆవాసమైన మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనంలో అటవీశాఖ అనుమతితో గడ్డి జాతుల గణన, మట్టి నమూనాల పరిశీలన చేపట్టవచ్చు.

జాగ్రత్తల విషయంలో ఉపేక్ష తగదు. జారుడు గట్టుపై నీటి అంచుకు ఒంటరిగా ఎవరినీ పంపరాదు. మురుగునీటిని తాకేవారికి చేతి తొడుగులు తప్పనిసరి. 2018 సెప్టెంబర్‌లో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చినందువల్ల విద్యార్థుల రాకపోకలు సులభమైనప్పటికీ, ఆమ్లాలు, క్షారాలు ప్రజా రవాణాలో తీసుకువెళ్లేవి కావు. వాటిని కళాశాల వాహనంలోనే తరలించాలి. అజైడ్ విషపూరితమైనది. పరీక్షలు ముగిసిన తరువాత మిగిలిన ద్రావణాలను విడిగా డబ్బాలో సేకరించాలి. వాటిని సింకులో పారబోస్తే మురుగుకాల్వ గుండా మళ్లీ ఏదో ఒక చెరువుకే చేరతాయి.