కాలక్షేపం నుంచి ఆవిష్కరణ దాకా: చిట్టి పరికరాలతో కోడింగ్ ప్రయోగాలు

తెరపై కనిపించే పేజీలను తీర్చిదిద్దడం వెబ్ డెవలపర్ల వృత్తి. అయితే వారిలో పలువురు తీరిక వేళల్లో చిన్న చిన్న పరికరాలతో ప్రయోగాలు చేస్తుంటారు. మట్టిలో తేమ తగ్గితే ఫోన్‌కు సందేశం పంపే పూలకుండీ, వాన సూచన ఉంటే వెలిగే దీపం ఇందుకు ఉదాహరణలు. పైకి కాలక్షేపంగా తోచే ఈ పనులకు సాంకేతిక చరిత్రలో విశిష్ట స్థానం ఉంది.

1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో, ట్రోజన్ రూమ్ అనే గది వద్ద ఒక కాఫీ పాత్ర ఉండేది. ఇతర అంతస్తుల్లోని పరిశోధకులు అక్కడికి చేరేసరికి అది తరచూ ఖాళీగా దర్శనమిచ్చేది. దాంతో వారు పాత్రకు ఎదురుగా కెమెరా అమర్చి, ఆ చిత్రం తమ కంప్యూటర్లలో కనిపించేలా ప్రోగ్రామ్ రాసుకున్నారు. 1993 నవంబరులో ఆ చిత్రాన్ని వెబ్‌లో ఉంచారు. ప్రపంచంలో తొలి వెబ్‌క్యామ్‌గా అది ప్రసిద్ధి పొందింది. 2001 ఆగస్టు 22న దానిని నిలిపివేశారు. కాఫీ యంత్రాన్ని వేలంలో 3,350 పౌండ్లకు జర్మనీ వార్తా సంస్థ ష్పీగెల్ ఆన్‌లైన్ కొనుగోలు చేసింది.

ఇటువంటి ప్రయోగాలకు నేడు విశ్వవిద్యాలయ ప్రయోగశాల అవసరం లేదు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో రూపొందిన ఆర్డుయినో, 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్‌బెర్రీ పై బోర్డులు ఆ మార్పు తెచ్చాయి. అరచేతిలో ఇమిడే రాస్‌బెర్రీ పై తొలి నమూనా ధర 35 డాలర్లు. కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ శాస్త్రం చదవగోరే విద్యార్థుల్లో ప్రోగ్రామింగ్ అనుభవం తగ్గుతున్నదన్న ఆందోళన దాని పుట్టుకకు మూలం.

వీటి పనితీరు సరళమైనదే. సెన్సర్ తేమను గాని, ఉష్ణోగ్రతను గాని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. బోర్డులోని ప్రోగ్రామ్ దానిని అంకెగా చదివి, నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. ఆ అంకెను పేజీలో చూపడం వెబ్ డెవలపర్‌కు అలవాటైన పనే.

ఈ అభిరుచి గలవారిని ఒకచోట చేర్చేవి హ్యాకథాన్‌లు. ఇక్కడ హ్యాకింగ్ అంటే చొరబాటు కాదు, చొరవతో చేసే ప్రయోగం. ఒకరు తీగలు అతికితే మరొకరు కోడ్ రాస్తారు. ఒకటి రెండు రోజుల్లో నమూనా సిద్ధమవుతుంది.

అయితే ఆటవస్తువు ఇంటర్నెట్‌కు అనుసంధానమైన క్షణం నుంచి బాధ్యత కూడా మొదలవుతుంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రూటర్లను వశపరచుకుంది. అదే ఏడాది అక్టోబరు 21న అటువంటి పరికరాల ద్వారా డిన్ సంస్థపై జరిగిన దాడి ఫలితంగా, ట్విటర్ సహా పలు ప్రముఖ వెబ్‌సైట్లు ఎంతోమందికి అందకుండా పోయాయి. అందువల్ల ఇంట్లో తయారుచేసిన పరికరమైనా సరే, పాస్‌వర్డ్ మార్చడం, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించడం, వాడని పరికరాన్ని నెట్‌వర్క్ నుంచి తొలగించడం తప్పనిసరి.

ఈ ప్రయోగాలకు మన దేశంలోనూ వేదికలు ఏర్పడ్డాయి. నీతి ఆయోగ్ పరిధిలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ పాఠశాలల్లో నెలకొల్పిన టింకరింగ్ ల్యాబ్‌లలో 6 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థులు సెన్సర్లతో పనిచేయవచ్చు. హైదరాబాద్ రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం ఏర్పాటు చేసిన టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. దీపం వెలిగించే తొలి పాఠంతో పాటే దానికి తాళం వేసే పాఠం కూడా నేర్పితే, ఈ ఆట సమాజానికి మేలు చేసే విద్యగా ఎదుగుతుంది.