గేరు మీరు మారుస్తారా... కారుకే వదిలేస్తారా?

స్పోర్ట్స్‌ కారంటే ఎడమకాలు క్లచ్‌ మీద, ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద ఉండాల్సిందే... కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నిన్నమొన్నటిదాకా చెప్పిన మాట ఇదే. 'ఆటోమేటిక్కా... అది పెద్దవాళ్ల బండి కదా' అని వెక్కిరించేవారు కూడా. మరి లక్షలు పోసి కొనేటప్పుడు ఏది మేలు?

హసన్‌పర్తి వాళ్లకి రెండు రకాల డ్రైవింగూ అలవాటే. ఓవైపు కరీంనగర్‌ వెళ్లే జాతీయ రహదారి. రెండోవైపు ఎర్రగట్టు గుట్ట, భీమారం మీదుగా హన్మకొండ. కాలేజీ బస్సులూ ఆటోల మధ్య పది కిలోమీటర్లలో క్లచ్‌ ఎన్నిసార్లు తొక్కాలో లెక్కే ఉండదు!

వేగంలో ఏది ముందు?
1989లో బ్రెజిల్‌ గ్రాండ్‌ప్రీ గెలిచిన నైజెల్‌ మాన్సెల్‌ ఫెరారీలో గేరు రాడ్డే లేదు. స్టీరింగ్‌ వెనకున్న మీట నొక్కితే గేరు మారిపోయేది. ఆ తర్వాత ఫార్ములావన్‌ అంతా అదే బాట పట్టింది.

ఇప్పటి స్పోర్ట్స్‌ కార్లలో ఎక్కువగా కనిపించేది డ్యూయల్‌ క్లచ్‌. పేరుకు తగ్గట్టే ఇందులో రెండు క్లచ్‌లు. ఒకటి బేసి సంఖ్య గేర్లకి, రెండోది సరి సంఖ్య గేర్లకి. మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధమైపోతుంది. అంత వేగం మనిషి వల్ల ఎక్కడవుతుంది! 2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3నే చూడండి. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఆటోమేటిక్‌ 3.4 సెకన్లలో చేరితే, మాన్యువల్‌కి 3.9 సెకన్లు పడుతుంది.

అయినా అలిగారు!
అంతకుముందు 2013లో పోర్షే ఈ జీటీ3ని ఆటోమేటిక్‌గా మాత్రమే తెచ్చింది. వేగం పెరిగిందని సంబరపడాల్సిన అభిమానులు 'నడిపే సరదా పోయింది' అంటూ అలిగారు. చివరికి 2017లో కంపెనీ మాన్యువల్‌ని మళ్లీ తెచ్చింది. మన దగ్గరా అంతే. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్‌ వర్టస్‌ జీటీ 1.5 లీటర్ల ఇంజిన్‌తో మొదట ఆటోమేటిక్‌గానే దొరికింది. మరుసటి ఏడాది మాన్యువల్‌ కూడా వచ్చింది. అంటే గడియారం ఆటోమేటిక్‌ వైపుంటే, మనసు మాన్యువల్‌ వైపుందన్నమాట.

పేరు చూసి మోసపోవద్దు
ఆటోమేటిక్‌లన్నీ ఒకటి కావు. 2014లో మారుతీ సెలెరియోతో మనకు పరిచయమైన ఏఎమ్‌టీ ధర తక్కువ, మైలేజీ బాగుంటుంది. కానీ గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు. అది స్పోర్ట్స్‌ కారు మజా ఇవ్వదు. టార్క్‌ కన్వర్టర్‌ మెత్తగా, నమ్మకంగా సాగుతుంది. డ్యూయల్‌ క్లచ్‌ వేగంలో మొనగాడే. కాకపోతే డ్రై క్లచ్‌ రకమైతే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు వేడెక్కుతుంది. మరమ్మతు వస్తే ఖర్చూ ఎక్కువే. అందుకే వారంటీ ఎన్నేళ్లో, గేర్‌బాక్స్‌ బాగుచేసేవాళ్లు వరంగల్‌లో ఉన్నారో, హైదరాబాద్‌ వెళ్లాలో ముందే అడగండి.

ఎడమకాలు జాగ్రత్త!
ఏళ్ల తరబడి మాన్యువల్‌ నడిపినవాళ్లు ఆటోమేటిక్‌ ఎక్కగానే క్లచ్‌ అనుకుని ఎడమకాలితో బ్రేకు గట్టిగా తొక్కేస్తారు. వెనకొచ్చే లారీ గుద్దేయడానికి అది చాలు. ఎడమకాలు పక్కన పెట్టేసి యాక్సిలరేటర్‌, బ్రేకు రెండూ కుడికాలితోనే నడపాలి. అలవాటయ్యేదాకా ఖాళీ మైదానంలో సాధన చెయ్యండి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున పరుగులు తీసిన ఫార్ములా-ఈ విద్యుత్తు కార్లలో గేర్లు మార్చే పనే లేదు. కాబట్టి క్లచ్‌ తొక్కే సరదా తీర్చుకోవాలనుకుంటే ఎక్కువకాలం వాయిదా వెయ్యకండి. రోజూ హన్మకొండ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లయితే మాత్రం మొహమాటం లేకుండా ఆటోమేటిక్‌ కొనుక్కోండి. ఏదైనా సరే, షోరూమ్‌ చుట్టూ ఒక్క రౌండు కొట్టి సంతకం పెట్టొద్దు. సాయంత్రం కాలేజీలు వదిలే వేళ ఓసారి, హైవే మీద ఓసారి నడిపి చూశాకే అడ్వాన్సు కట్టండి.