స్తంభములపై మేడలు – భూకంపము

సైనిక్‌పురి వీధులలో స్తంభములపై నిలిచిన మేడలు కలవు: క్రింద కార్లు, పైన కాపురములు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున పుట్టిన 5.3 పరిమాణపు భూకంపము హైదరాబాదులోను తెలిసినది. అంతకంటె పెద్దది వచ్చిన ఏమగును?

నేల ప్రక్కకు కదలగనే మేడ జడత్వముచే వెనుకబడును. బరువు హెచ్చిన కొలది స్తంభములపై బలము హెచ్చును. పై అంతస్తులకు గోడల ఆసరా కలదు, క్రిందిదానికి లేదు. కావున వంగుట అంతయు అచ్చటనే జరుగును. 2001 జనవరి 26న భుజ్ భూకంపమున, 200 కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహ్మదాబాదులో ఇట్టి మేడలు కూలెను.

నివారణ కలదు. పునాదినుండి పైవరకు కాంక్రీటు గోడలు కొన్ని కట్టవలెను. స్తంభములు, దూలములు కలియుచోట ఇనుప రింగులు దగ్గరగా వేసి, కొనలను 135 డిగ్రీలు లోనికి వంచవలెను. అప్పుడు స్తంభము వంగినను త్వరగా విరుగదు.