సంఘపు కంప్యూటరులోని నెట్‌వర్కు కార్డును గుర్తించు విధము

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. అందు చేర్చుటకు అప్పుడు నిర్ణయించిన సంఘములు 63,000. ఇట్లు లెక్కలు కంప్యూటరు కెక్కినచోట, అప్పు కట్టవచ్చిన రైతునకు రసీదు దొరకుట ఒక తీగపై నాధారపడియుండును. ఆ సంబంధము తెగిననాడు మరమ్మతు చేయువాడు వచ్చి, కార్డు చెడినది, క్రొత్తది కొనుడనును. కార్యవర్గమువారు సొమ్ము మంజూరు చేయుదురు. ఆ సొమ్ము సభ్యులది. కార్డు నిక్షేపముగా నుండి, దానిని నడపు డ్రైవరు మాత్రమే లేకపోవుటయు కలదు.

డ్రైవరనగా మనుష్యుడు కాడు. కార్డుచే పని చేయించు ప్రోగ్రాము. ఎద్దులెంత బలిసినవైనను తోలువాడు లేనిదే బండి దారిన పడదు గదా. తెరపై కనబడు ‘ఈథర్నెట్’ అను పేరు వేరు, దాని వెనుకనున్న చిప్పు వేరు, చిప్పును నడపు డ్రైవరు వేరు. పేరును బట్టి చిప్పు ఎవరిదో చెప్పబూనుట, రంగును బట్టి ఎద్దు వయస్సు చెప్పుట వంటిది. సంతలో మనము పండ్లు పట్టి చూతుము. చిప్పునకు పండ్లవంటివి రెండు సంఖ్యలు: తయారుచేసినవారి సంఖ్యయు, ఆ వస్తువు సంఖ్యయు. మొదటిది 8086 అయినచో ఇంటెల్ వారిది. 10ఇసి అయినచో రియల్‌టెక్ వారిది.

ముందుగా తీగ బిగువుగా నున్నదా, దానిని గ్రుచ్చినచోట దీపము వెలుగుచున్నదా చూడవలెను. పిదప విండోస్ గల కంప్యూటరులో డివైస్ మేనేజరు తెరచి, నెట్‌వర్కు అడాప్టర్ల క్రింద కార్డును ఎన్నుకొని, ప్రాపర్టీసులోని డీటెయిల్స్ పుటలో హార్డువేర్ ఐడీలను చూడవలెను. ‘వెన్’ అను అక్షరముల పిమ్మట తయారీదారు సంఖ్యయు, ‘డెవ్’ అను అక్షరముల పిమ్మట వస్తువు సంఖ్యయు నుండును. కార్డు అచట లేక, ‘అదర్ డివైసెస్’ అనుచోట పసుపుపచ్చ గుర్తుతో నుండి, కోడ్ 28 అని చూపినచో డ్రైవరు ఎక్కింపబడలేదన్నమాట. కార్డు చెడినదనుట కది నిదర్శనము కాదు.

లినక్స్ గల కంప్యూటరులో ‘ఎల్ఎస్‌పిసిఐ -ఎన్ఎన్‌కె’ అను ఆజ్ఞను ఇంగ్లీషు చిన్న అక్షరములతో కొట్టినచో సంఖ్యలును, వాని క్రింద వాడుకలోనున్న డ్రైవరు పేరును వచ్చును. 10ఇసి, 8168 సంఖ్యలు గల చిప్పును సాధారణముగా ఆర్8169 అను డ్రైవరు నడపును. డ్రైవరు పంక్తియే లేనిచో తోలువాడు లేడన్నమాట. ‘ఈథ్‌టూల్ -ఐ’ అను ఆజ్ఞయు డ్రైవరును చెప్పును గాని, పేరు పడిన కార్డునకే అది పనికివచ్చును.

యూఎస్‌బీలో గ్రుచ్చు అడాప్టర్ల విషయమున మరింత జాగ్రత్త అవసరము. పెట్టెపై ఒకే పేరుండి లోపల వేరు చిప్పులుండుట కలదు. వీని సంఖ్యలను లినక్సులో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ తెలుపును. మాక్ చిరునామాలోని మొదటి భాగము తయారీదారుని సూచించుననుట నిజమే కాని, దానిని ప్రోగ్రాముతో మార్చవచ్చును గనుక మేము దానిని రెండవ సాక్ష్యముగనే యెంచెదము.

ఈ సంఖ్యలను కంప్యూటరు పనిచేయుచున్న దినములలోనే సంఘపు సామానుల రిజిస్టరులో వ్రాసియుంచుట మేలు. సంబంధము తెగినప్పుడు గుమాస్తా వానిని చూచి, తగిన డ్రైవరును తయారీదారుని వెబ్‌సైటునుండి వేరొక కంప్యూటరులో దింపుకొని, పెన్‌డ్రైవుపై తేవచ్చును.