రబ్బరు పాలు పరుపైన కథ

మార్గశిరమున వానలు వెలిసిన పిమ్మట ఒకనాడు, పుదుచ్చేరిలోని మా యింట, ఆరేండ్ల క్రిందట ‘సహజమైన రబ్బరు పాలతో చేసినది’ అను మాట నమ్మి కొనితెచ్చిన పరుపు నడుమ గుంటపడి వెన్నుకు ఊత యియ్యకుండుటచే, దాని గలీబు జిప్పును మొదటిసారిగా పూర్తిగా లాగి లోపల నేమున్నదో చూచితిని. పైన అంగుళము మందమున మీగడరంగు పొర యొకటి కలదు. దానినిండ పెన్సిలు దూరునంత రంధ్రములు వరుసలు తీర్చియుండెను. వ్రేలితో నొక్కి విడిచినంతనే అది పూర్వరూపము పొందుచుండెను. దాని క్రింద నాలుగంగుళముల మేర వేఱొక పదార్థము పసుపు తిరిగి, గోట గిల్లినచో పొడిపొడిగా రాలుచుండెను. రెంటినడుమ గట్టిపడిన జిగురు చారలుండెను. అమ్మినవాడు చెప్పినది అంగుళము మేరకు సత్యము. తక్కిన నాలుగంగుళములను గూర్చి అతడేమియు చెప్పలేదు, నేనును అడుగలేదు.

యానాములో మా తాతగారి యింట నిట్లు జరుగుట కవకాశమే లేకుండెడిది. ఏటేట వేసవిలో దూదేకువాడు వచ్చి, అరుగుమీద పాతపరుపు విప్పి, ఉండలుకట్టిన ప్రత్తిని వింటినారి మ్రోయించుచు ఏకి, మరల నింపి కుట్టి యిచ్చెడివాడు. దిండ్లకు బూరుగుదూది. పిమ్మట రెండుదినములు అవన్నియు ఎండలో పడియుండెడివి. తాము పండుకొనెడి పరుపులో నేమున్నదో ఇంటిల్లిపాదికిని తెలియును. ఆ తెలివి మన యిండ్లనుండి ఎప్పుడు తొలగిపోయినదో విచారింపబోగా, నాకు రబ్బరు పాల చరిత్రమంతయు చదువవలసివచ్చెను.

భూగోళము ధ్రువములకడ చదునైనదా, లేక భూమధ్యరేఖకడ సన్ననైనదా అను వివాదమును కొలతలచే తీర్చుటకై ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు 1735లో దక్షిణ అమెరికాకు పంపిన పండితబృందములో షార్ల్ మరీ ద లా కొండమీన్ అను నతడుండెను. అతడు 1736లో క్వీటో నగరమునుండి పారిస్‌కు, అచ్చటి ప్రజలు చెట్టునుండి తీసెడి పాలు గడ్డకట్టగా నేర్పడిన, సాగి మరల ముడుచుకొనెడి నల్లని పదార్థమును కొంత పంపెను. ఆ యేడే సెప్టెంబరులో ఇచ్చట పుదుచ్చేరియందు ఆనందరంగ పిళ్ళై తన దినచర్యను వ్రాయనారంభించెను. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథమగు ‘ఆనందరంగరాట్ఛందము’ వెలయించినది ఈ పిళ్ళై పేరనే. ఈ యూరి నేతబట్టలు ఓడలకెక్కి ఫ్రాన్సుకు పోవుచున్న ఆ దినములలో రబ్బరు ఆ దేశపు పండితుల బల్లమీద పేరైనను స్థిరపడని యొక వింతవస్తువు. 1751లో ఫ్రెంచి గయానా యందలి ఇంజనీరగు ఫ్రెనో ఆ వృక్షమును వర్ణించి వ్రాసిన వ్యాసము పరిషత్తుకు చేరినప్పటికిగాని దాని జన్మస్థానము స్పష్టముగా తెలియలేదు. 1770లో ప్రీస్ట్లీ అను ఆంగ్లేయ రసాయనజ్ఞుడు అది సీసపుకడ్డీ వ్రాతలను తుడిచివేయునని గుర్తించెను. చాలకాలము ఆ పదార్థమునకు విస్తారమైన ప్రయోజనము లేకపోవుటకు కారణము దాని చంచలస్వభావమే: ఎండకు జిగురై కారును, చలికి ఱాయివలె బిగియును.

ఆ చాపల్యమును మాన్పినది గంధకము. అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ ఋణములపాలై, చెఱసాలకేగియు విడువక, 1839లో గంధకము కలిపిన రబ్బరు వేడిపొయ్యిమీద కరగక గట్టిపడుట కనుగొనెను. అక్కడ జరిగినదేమనగా, రబ్బరనునది ఐసోప్రీనను చిన్న యణువులు వేలకొలది గొలుసుకట్టుగా పేరుకొన్న దీర్ఘశృంఖల. విడిగా నున్నప్పుడు ఈ శృంఖలలు ఒకదానిమీద నొకటి జాఱిపోవును. వేడిలో గంధకపు పరమాణువులు వానినడుమ అచ్చటచ్చట ముడులు వేయును. ముడిపడిన వల లాగిన సాగును, విడిచిన తన యాకృతికి వచ్చును. నేటి పరుపు పదేండ్లు మన బరువు మోసియు కూలకుండుట ఆ ముడుల మహిమయే.

ఇక చెట్టు మనదేశమునకు వచ్చిన విధము. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు అమెజాను అరణ్యమునుండి సుమారు 70,000 గింజలను లండనులోని క్యూ ఉద్యానమునకు చేర్చెను. అవి నూనెగింజలగుటచే త్వరలో చెడును. మొలచినవి 3,000కు లోపే. ఆ మొలకలే సింహళమునకును సింగపూరునకును పోయి, ఆసియాఖండపు రబ్బరు తోటలకు మూలమయ్యెను. సింగపూరులో రిడ్లీ అను ఉద్యానాధికారి చెట్టును చంపక, అదే గాటును మరల మరల తెఱచుచు పాలు తీయు పద్ధతిని రూపొందించెను. 1902లో కేరళమున పెరియారు ఒడ్డున తట్టెక్కాడు కడ మనదేశపు తొలి వాణిజ్య రబ్బరుతోట వెలసెను. పుదుచ్చేరి నేల ఆ వృక్షమునకు అనుకూలము కాదు. మనకు వర్షములో అధికభాగము అక్టోబరునుండి డిసెంబరువఱకు కుండపోతగా కురిసిపోవును, దానికో ఏడాది పొడవున తడి కావలయును. అయినను పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందనే యున్న మాహేకు తూర్పున, కన్నూరు జిల్లా కొండపాదములయందు, అది దట్టముగా పెరుగుచున్నది.

అచ్చట పాలు తీయుట నేను చూచితిని. వెలుతురు రాకమునుపే, ఎండకు ఆకులు నీటిని కోల్పోకమునుపే, పాలనాళములలో ఒత్తిడి అధికముగా నున్న వేళ, కార్మికుడు నుదుటిదీపము వెలుగున చెట్టుకడకు వచ్చి, వంకరకత్తితో బెరడును గోరుమందమైన లేకుండ ఏటవాలుగా చెక్కెను. తాటిచెట్టును గీయువారి చేతులలో మనవైపు కానవచ్చు నేర్పే అది. కత్తి ఒక్క రవ్వ లోతుగా దిగినచో బెరడు క్రింది పెరుగుదలపొర గాయపడి, చెట్టు ఆ చోట మరల సరిగా బెరడు కట్టదు. గాటువెంట తెల్లని చారయొకటి దిగి, రేకునాళమునుండి కొబ్బరిచిప్పలోనికి బొట్లుబొట్లుగా పడజొచ్చెను. ఈ పాలు చెట్టు ఆహారమును మోసెడి రసము కాదు. బెరడులోని ప్రత్యేకనాళములయందు పుట్టునది. అందు మూడవవంతు మాత్రమే రబ్బరు, తక్కినది చాలవఱకు నీరు. కొన్ని గంటలు విడిచినచో ఆవుపాలవలె విఱిగిపోవును గావున వెంటనే అమ్మోనియా కలుపుదురు. పిదప, వెన్న తీయు యంత్రమువంటి దానిలో అతివేగముగా త్రిప్పి నీటిని కొంత వేఱుచేసి, నూటికి 60 పాళ్ళు రబ్బరుండు చిక్కనిపాలుగా చేయుదురు. పరుపుల కార్ఖానాకు చేరునది ఈ చిక్కనిపాలే.

పాలను చిలికి నురుగుచేసి, ఆ నురుగును నిలుపవచ్చునను ఆలోచన 1929లో ఇంగ్లండు బర్మింగ్‌హామ్ నందలి డన్‌లప్ సంస్థ పరిశోధనశాలలో మర్ఫీ అను శాస్త్రజ్ఞునికి కలిగెను. వంటింటి పిండికలుపు యంత్రముతో తొలిప్రయత్నము చేసెనని చెప్పుకొందురు. చిలుకుట సులభము, నిలుపుటయే విద్య. నురుగు స్వభావముచే క్షణభంగురము. బుడగలు పగిలి, పాలు అడుగునకు దిగిపోవును. అందుచే ముందుగా పాలలో గంధకమును, యశదభస్మమును, గంధకపు ముడులు త్వరగా పడుటకు వేగకారకములను, జీర్ణత్వమును వాయిదావేయు ద్రవ్యములను, సబ్బును కలిపి పక్వపఱతురు. తరువాత చిలుకుదురు. కడపట సోడియం సిలికోఫ్లోరైడు చేర్చుదురు. కొలది నిమిషములలో పాల క్షారగుణము క్షీణించి, రబ్బరు కణములు ఒకదాని నొకటి అంటుకొని, పెరుగు తోడుకొన్నట్లు, బుడగలు ఉన్నవి ఉన్నచోటనే యుండగా నురుగంతయు గడ్డకట్టును. ఈ కొలది నిమిషముల వ్యవధిలోనే దానిని మూసలోనికి పోయవలెను. నీటియావిరితో ఆ మూసను కాచినచో గంధకపు ముడులు పడును.

ఇచ్చట ఒక చిక్కున్నది. నురుగు ఉష్ణమును తనగుండ పోనీయదు; అంచులు ఉడికినను నడుమ పచ్చిగానే యుండును. కావున మూసకు లోపలివైపున లోహపుమేకులు వందలకొలది దిగవేసియుందురు. వేడి వానిద్వారా నడిమికి చేరును. పరుపు తీసినపుడు మేకులున్న చోటులే రంధ్రములుగా మిగులును. దుకాణములలో గాలికొఱకని చెప్పెడి ఆ రంధ్రములు నిజమునకు వేడికొఱకు పుట్టినవి. గాలి పిదప వచ్చిన లాభము. చెక్కుచెదరక పరుపు బయటపడిన తరువాత దానిని నీటితో పలుమాఱు కడిగి, రోలర్లనడుమ పిండి, ఆరబెట్టుదురు. తాలలే అను పేర ప్రసిద్ధమైన రెండవ పద్ధతిలో మూయబడిన మూసనుండి గాలి తీసి నురుగును పొంగించి, ఘనీభవింపజేసి, బొగ్గుపులుసు వాయువుతో గడ్డకట్టింతురు. బుడగలు మరింత సమముగా నుండును.

తెలుగునాట ఈ వస్తువునకు ‘డన్‌లప్ పరుపు’ అనియే పేరు స్థిరపడెను. ఇంతలో 1937లో జర్మనీ యందు ఆటో బేయరు కనుగొన్న పాలీయురెథేను, 1950 ప్రాంతములనుండి నురుగురూపమున చౌకగా విపణికి వచ్చెను. పేరు పాతదే, లోపలి వస్తువు మాఱెను. మా యింటి నాలుగంగుళముల రహస్యమిదియే.

కృత్రిమమైనదెల్ల విషమనియు, సహజమైనదెల్ల అమృతమనియు నేననను. ఉమ్మెత్తయు సహజమే. పాలీయురెథేను తయారగునపుడు వాడెడి డైఐసోసయనేటులు కార్మికుల ఊపిరితిత్తులకు కీడుచేయునవి. పూర్తిగా సంయోగము చెందిన పిమ్మట అవి నురుగులో విడిగా మిగులవు. అయితే నిప్పంటుకొనకుండుటకై కొన్ని దేశములలో ఆ నురుగునందు కలిపిన బ్రోమినుద్రవ్యములు ధూళియై మనుష్యుల రక్తమున చేరుటచే, 2009లో స్టాక్‌హోమ్ ఒడంబడిక వానిలో కొన్నిటిని నిషేధజాబితాకెక్కించెను. రబ్బరు పాలకును తమ దోషములు కలవు. వేగకారకములలో కొన్ని నైట్రోసమైనులను హానికరద్రవ్యములను పుట్టింపగలవు. పాలలోని మాంసకృత్తులు రబ్బరు పడనివారికి దద్దురులు, ఉబ్బసము కలిగింపగలవు. ఈ రెంటిని తగ్గించునది ఆ కడుగుటయే. కావున ‘సహజమా?’ అను ప్రశ్న చాలదు, ‘ఎంతపాలు సహజము? చక్కగా కడిగినదేనా?’ అని యడుగవలెను. రబ్బరు పడదని వైద్యుడు చెప్పినవారు ఈ పరుపు జోలికి పోకుండుటయే మేలు.

రెండవమాఱు పరుపు కొనుటకు రంగపిళ్ళై వీధికేగితిని. దుకాణదారుడు తెలుగువాడు.

“గలీబు విప్పి చూపిస్తారా?”

“అట్లా ఎవురూ అడగరండీ. సరే, విప్పుతాను.”

అడుగువఱకు ఒకే రంగు, ఒకే నురుగు. జిగురుచారలు లేవు. ముక్కు దగ్గఱకు చేర్చగా పచ్చిరబ్బరు తీపివాసన స్వల్పముగా వచ్చెను. అది కొలదివారములలో పోవును. కన్నులు మండించు ఘాటువాసన మాత్రము మంచి లక్షణము కాదు.

“బరువెంత ఉంటుందండీ?”

“ఇద్దరం పట్టాలండీ. ఒక్కరి వల్ల కాదు.”

ఈ మాట లెక్కకు సరిపోయినది. రబ్బరు నురుగు ఘనమీటరునకు సుమారు 80 కిలోలు తూగును. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళముల మందముగల పరుపు 34 కిలోల చేరువలో నుండవలెను. సామాన్యపు పాలీయురెథేనైనచో అందు సగమునకైనను రాదు. కాని సుద్దపొడి కలిపియు బరువు పెంచవచ్చును. స్టైరీను, బ్యూటడయీనులతో చేసిన కృత్రిమపు పాలు కలిపినను బరువు తేడా రాదు. అందుచే త్రాసు ఒక్కటే సాక్షి కాజాలదు, పత్రము కావలెను. గోల్స్ ముద్ర ప్రధానముగా పుట్టుకను చెప్పును: పాలలో నూటికి 95 పాళ్ళకు తక్కువకాకుండ సేంద్రియపు తోటలనుండి రావలెను. ఓకోటెక్స్ ముద్ర తయారైన వస్తువులో హానికరపు శేషములు పరిమితికి లోబడియున్నవని చెప్పును. ఒకటి రెండవదానికి బదులు కాదు. పత్రముమీది పేరు అమ్మకపుసంస్థదా, పాలు సరఫరాచేసినవారిదా, కాలము చెల్లినదా అని చూచి, దాని సంఖ్యను ఆ సంస్థలవారి పట్టికలో సరిచూచుకొనవలెను. గలీబు నూలుబట్టదా, పొరలంటించిన జిగురు నీటిలో కరగినదా, లేక ద్రావకపుదా అనియు అడుగవలెను. ఈ ప్రశ్నలకు చిరాకుపడని దుకాణములోనే కొనుడని నా సలహా.

పరుపు ఇంటికి వచ్చిన మఱునాడు మా యమ్మ దానిని, తాతగారి యింటి యలవాటు చొప్పున, మేడమీద ఎండలో వేయింపబోయెను. వలదంటిని. ప్రత్తికి ఎండ ఔషధము, రబ్బరునకు మృత్యువు. గంధకము ముడివేయగా మిగిలిన ద్విబంధములు ఆ శృంఖలలయం దింకను తెఱచియే యుండును. సూర్యకాంతి, గాలిలోని ఆమ్లజని, ఓజోను వానిని పట్టి శృంఖలను త్రెంచును. నాలుగు వేసవులు ఎండిన పరుపు పైపొర పగిలి రాలును. రాగియు దీనికి శత్రువే. రాగిచెంబు దానిమీద పెట్టకుడు. మన సముద్రపుగాలి తేమకు విరుగుడు వేఱు: పలకకు పలకకు నడుమ సందున్న మంచముమీద పరచుట, నెలకొకసారి గలీబు తీసి కిటికీప్రక్క నీడలో పూటసేపు నిలువబెట్టుట. మా యింట అట్లే చేయుచున్నాము, తలాపు కాళ్ళవైపునకు త్రిప్పుచున్నాము. గలీబు మాత్రము ఉతికి, మేడమీద ఎండలోనే ఆరవేయుచున్నాము.