తాతయ్య పాటలపెట్టె, నా లెక్కలు

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

క్రిందటి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి మా తాతయ్య టేప్ రికార్డరు మూగబోయి ఉంది. లోపల చక్రాలను తిప్పే రబ్బరు బెల్టు తెగిపోయింది. రాజమండ్రి తీసుకొస్తే మెకానిక్కు మూత విప్పి చూసి, "ఈ బెల్టులు ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ, ఆయ్, కొత్తదేదో చూసుకోండి" అని మళ్ళీ మూత బిగించి చేతిలో పెట్టేశాడు. ఇంటికి తిరిగి తీసుకెళితే తాతయ్య ఒకటే మాట అన్నాడు. "సైన్సు చదువుతున్నావు గదరా, నాకు పనికొచ్చేది ఏదో నువ్వే చూడు."

ఇదెంత పని అనుకున్నాను. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. చేతిలో పట్టుకుని తిరిగే పాటలపెట్టెను ఎంచుకునేటప్పుడు నిల్వ, సదుపాయాలు, మోత అనే మూడింటినీ ఎలా తూచాలో, నా పొరపాటుతో సహా, తోటి విద్యార్థులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాట జేబులోకి వచ్చిన తీరు

చేతిలో ఇమిడే ట్రాన్సిస్టరు రేడియో మొట్టమొదట 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఆ తరువాతి కాలంలో అది మన కాలవగట్ల మీదికీ చేరింది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మాటలు, పాటలు పొలంలోనే వినబడ్డాయి. అయితే రేడియోలో వాళ్ళు వేసిందే వినాలి గాని మనం కోరింది వినలేం. ఆ కొరత తీర్చింది ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన కేసెట్టు. సి-60 కేసెట్టులో రెండు వైపులా కలిపి 60 నిమిషాలు. ఒక పూర్తి పద్యనాటకం పట్టాలంటే కేసెట్లు ఒకదాని వెనుక ఒకటి మార్చుకుంటూ పోవలసిందే.

1979 జూలై 1న సోనీ సంస్థ జపానులో వాక్‌మన్‌ను విడుదల చేసింది. దానిలో రికార్డు చేసే సదుపాయం లేదు, స్పీకరూ లేదు. చెవులకు పెట్టుకుని వినడమొక్కటే. ఉన్న సదుపాయాలను తీసేయడం వల్లనే అది చిన్నదయింది, చిన్నది కావడం వల్లనే లోకమంతా తిరిగింది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలన్న పాఠం అక్కడే ఉంది.

1998లో కొరియా నుంచి వచ్చిన ఎంపీమాన్‌లో టేపు లేదు, తిరిగే చక్రమూ లేదు. 32 మెగాబైట్ల చిప్పు మాత్రమే ఉంది. అందులో పట్టేది సుమారు ఎనిమిది పాటలు, అంటే సి-60 కేసెట్టు కంటే తక్కువే. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2001 అక్టోబరులో, ఏపిల్ సంస్థ 5 గిగాబైట్ల ఐపాడ్‌తో "వెయ్యి పాటలు జేబులో" అంది. 2022లో ఆ ఐపాడ్‌కే స్వస్తి చెప్పింది. పాటలన్నీ ఫోనులోకి చేరిపోయాయి మరి!

నిల్వ: ఎన్ని గిగాలు కావాలి?

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు మార్గాలు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. నిమిషానికి కోటీ ఐదు లక్షల బైట్ల పైమాటే.

ఎంపీ3 పద్ధతి దీన్ని కుదిస్తుంది. అదెలాగంటే, రైసుమిల్లు ఆడుతుండగా పక్కవాడు గుసగుసలాడితే మనకు వినబడదు. అలాగే పాటలో పెద్ద ధ్వని చాటున పడి చెవికి అందని చిన్న ధ్వనులుంటాయి. వాటిని లెక్కగట్టి వదిలేస్తారు, లేదా నామమాత్రంగా ఉంచుతారు. సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున కుదిస్తే అసలులో పదకొండో వంతుకు తగ్గుతుంది. అంటే నిమిషానికి 9,60,000 బైట్లు, నాలుగు నిమిషాల పాటకు సుమారు 38 లక్షల బైట్లు.

ఇప్పుడు 8 గిగాబైట్ల కార్డు తీసుకుందాం. 800 కోట్ల బైట్లు. అందులో సుమారు రెండు వేల పాటలు, అంటే 138 గంటల పైచిలుకు పడతాయి. రోజుకు నాలుగు గంటలు విన్నా మళ్ళీ మొదటి పాటకు రావడానికి 34 రోజులు పడుతుంది. హరికథ, పద్యం, ప్రసంగం వంటివాటికి ఒక్క మార్గం, సగం వేగం చాలు కాబట్టి అవి దీనికి రెట్టింపు పడతాయి.

మరి 32 గిగాలుంటే ఇంకా మంచిది కదా అంటారు. పెట్టె మీద 32 అని ఉన్నా కంప్యూటరులో 29.8 అనే కనబడుతుంది. ఇది మోసం కాదు సుమా. తయారుచేసినవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కపెడితే, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కపెడుతుంది, అంతే. అసలు చిక్కు వేరే ఉంది. మా తాతయ్యకు కావలసినవి మహా అయితే అరవై. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రలో కాటిసీను, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, ఘంటసాల పాటలు కొన్ని. తెర లేని పెట్టెలో ఎనిమిది వేల పాటలు నింపి ఇస్తే ఆ అరవై ఎక్కడున్నాయని ఆయన మీట నొక్కుతూ కూర్చోవాలి? గాదె పెద్దదైనంత మాత్రాన అన్నం రుచి పెరగదు.

సదుపాయాలు: ఎవరికి సదుపాయం?

"ఫోనే ఉంది కదా, ఇంకొకటెందుకు?" అన్నాడు మా నాన్న. న్యాయమైన ప్రశ్నే. చాలామందికి ఫోను చాలు. కాని ఫోను తెర మన వేలు తగిలినప్పుడు విద్యుదావేశంలో వచ్చే చిన్న మార్పును పసిగట్టి పనిచేస్తుంది. అరవై ఏళ్ళు పార పట్టి కాయలు కాచిన వేళ్ళు దానికి సరిగా అందవు. తడి చెయ్యి తగిలితే నీటిబొట్టునే వేలనుకుంటుంది. తాతయ్య నాలుగుసార్లు నొక్కి, "దీనికి నేనంటే పడదురా" అని పక్కన పెట్టేశాడు. తప్పు ఆయనది కాదు, భౌతికశాస్త్రానిది!

పాటలు ముందే నింపి అమ్మే పెట్టెలూ ఉన్నాయి. సరిగమ సంస్థ 2017లో అయిదు వేల హిందీ పాటలతో కారవాన్ అనే పెట్టెను తెచ్చింది. తరువాత ఇతర భాషలవీ వచ్చాయి. వరండాలో బల్ల మీద పెట్టుకుని వినేవారికి అటువంటిది బాగుంటుంది. తాతయ్యకు మాత్రం కొబ్బరితోటకు వెంట తీసుకువెళ్ళేది కావాలి.

నేను కాగితం మీద రాసుకున్నవి ఇవి. వేలితో తడిమితే తెలిసే పెద్ద మీటలుండాలి. స్పీకరు ఉండాలి. ఎఫ్.ఎం. రేడియో ఉండాలి. ఆపిన చోటునుంచే మళ్ళీ మొదలుపెట్టే జ్ఞాపకం ఉండాలి. ఈ చివరిది చాలామంది అడగరు. గంటసేపటి హరికథను సగంలో ఆపి, సాయంత్రం పెడితే మళ్ళీ ప్రార్థన దగ్గరనుంచి మొదలైతే ఎవరికైనా విసుగే. దుకాణంలో తప్పక ఆపి, మళ్ళీ పెట్టి చూడండి.

మోత: రొంటి పరీక్ష

తూకం అంటే గ్రాములు మాత్రమే కాదు. మా తాతయ్య బనీనుకు జేబు లేదు. ఏదైనా పంచె రొంటినే దోపాలి. అందుకని ఏ దుకాణానికి వెళ్ళినా పెట్టెను నా నడుముకు ఆనించి చూసేవాణ్ణి. దుకాణాలవాళ్ళు నవ్వారు గాని నా పరీక్ష సరైనదే.

తరువాతిది బేటరీ. 1,000 మిల్లీ ఆంపియర్-గంటల బేటరీ ఉండి, పెట్టె 125 మిల్లీ ఆంపియర్లు లాగితే కాగితం మీద ఎనిమిది గంటలు వస్తుంది. స్వరం పెంచితే అది త్వరగా తరిగిపోతుంది. దాళ్వా పంటకు వంతుల మీద నీళ్ళు వదిలినప్పుడు మా నాన్న రాత్రంతా బోదె దగ్గర కాపలా ఉంటాడు. అక్కడ కరెంటు ప్లగ్గు ఎక్కడిది? కనుక బేటరీ విప్పి మార్చుకునే వీలుంటే మంచిది.

ఆరుబయట ఇంకొక చిక్కు. దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. చిన్న స్పీకరు గాలిని కొద్దిగానే కదిలిస్తుంది కాబట్టి మృదంగం మోత పలకదు. గొంతు మాత్రం బాగానే పలుకుతుంది. పద్యానికి కావలసింది గొంతే కదా!

చెవిలో పెట్టుకునేవాటి సంగతి మన వయసువాళ్ళకు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు, 90కి పెంచితే 4 గంటలు మాత్రమే. చీకట్లో గట్టు మీద నడిచేటప్పుడు, బండి మీద వెళ్ళేటప్పుడు అసలు పెట్టుకోకూడదు. పాము బుస, లారీ హారను ముందుగా చెవికే తెలియాలి.

నేను చేసిన పొరపాటు

మా తాతయ్య ఒకప్పుడు ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర వేషం కట్టేవాడు. 1986 ఆగస్టు వరద తరువాతి సంవత్సరం వేసిన నాటకాన్ని ఎవరో కేసెట్టులో పట్టారు. ఇంట్లో ఆయన గొంతు ఉన్నది అదొక్కటే. మిత్రుడి ఇంట్లో పనిచేసే టేపు డెక్కు ఉంటే, తీగతో కంప్యూటరుకు కలిపి రెండు వైపులా ఎక్కించాం. ఇక నిల్వ చేయడమే తరువాయి.

బజారులో ఒక బల్ల దుకాణంలో 64 గిగాల కార్డు సగం ధరకే దొరికితే కొనేశాను. ముందు సినిమా పాటలు 12 గిగాలు నింపి, చివర తాతయ్య పద్యాలు ఎక్కించాను. అక్కడికక్కడే పెట్టి చూస్తే పలికాయి. చోటు కోసం మిత్రుడు తన కంప్యూటరులోవి చెరిపేశాడు. ఇంటికి వెళ్ళి తాతయ్య ముందు కూర్చుని మీట నొక్కితే పేర్లు ఉన్నాయి, పద్యాలు లేవు. నిశ్శబ్దం.

తరువాత తెలిసింది. ఆ కార్డులో నిజంగా ఉన్నది సుమారు 8 గిగాలే. లోపలి నియంత్రణ చిప్పుకు 64 అని అబద్ధం చెప్పడం నేర్పారు. నిండిన తరువాత రాసినదంతా గాలిలో కలిసింది. అప్పటికప్పుడు పలికింది కార్డులోనుంచి కాదు, కంప్యూటరు తన జ్ఞాపకంలో తాత్కాలికంగా ఉంచుకున్నదాన్ని వినిపించింది. కార్డు తీసి, మళ్ళీ పెట్టి చూసి ఉంటే ఆరోజే దొరికిపోయేది. కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివి సరిచూసే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. కొన్న రోజునే ఆ పరీక్ష చేసి ఉండవలసింది.

కేసెట్టును మళ్ళీ వేశాం. ఒక వైపు వచ్చింది. రెండో వైపు సగంలో డెక్కు టేపును నమిలేసింది. కాటిసీను అందులోనే ఉంది.

లెక్క తేలిన విధం

చివరకు మార్కులు వేసి చూశాను. పదేసి మార్కులకు, నిల్వ, సదుపాయాలు, మోత అన్న వరుసలో, ఫోనుకు 9, 3, 5. బల్లమీది పెట్టెకు 8, 8, 3. మీటలున్న చేతిపెట్టెకు 6, 7, 9. మొదట నా బుద్ధికి తోచినట్లు నిల్వకు 5, సదుపాయాలకు 3, మోతకు 2 పాళ్ళు ఇచ్చాను. ఫోనుకు 64, బల్లపెట్టెకు 70, చేతిపెట్టెకు 69 వచ్చాయి. తరువాత తాతయ్యనే అడిగాను. ఆయన చెప్పినట్లు నిల్వకు 2, సదుపాయాలకు 3, మోతకు 5 ఇస్తే ఫోనుకు 52, బల్లపెట్టెకు 55, చేతిపెట్టెకు 78. వస్తువులు అవే, మార్కులూ అవే. పాళ్ళు మారాయి, ఫలితం మారింది. ఆ పాళ్ళు నిర్ణయించవలసింది కొనేవాడు కాదు, వాడేవాడు.

ఆ చేతిపెట్టే కొన్నాం. పరీక్షించిన 8 గిగాల కార్డు, అందులో అయిదు భాగాలుగా అరవై. అదే సరుకు మా ఇంట్లో ఒక కార్డులో, హాస్టలులో నా దగ్గర మరొకదానిలో ఉంది. ఒక్క చోటే ఉన్నదాన్ని దాచుకున్నట్లు కాదని ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

కాటిసీను పోయిన సంగతి చెప్పడానికి నాకు వారం పట్టింది. తాతయ్య విని, "పోతే పోయిందిలేరా, నోరుంది గదా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మంచం మీద కూర్చుని పద్యం ఎత్తుకున్నాడు. నలభై ఏళ్ళనాటి రాగం పొడవు లేదు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగాడు. నేను ఫోనులో పట్టుకున్నాను. ఆ పెట్టెలో ఒకటో నంబరు మీట నొక్కితే ఇప్పుడు వచ్చేది అదే.

మిత్రులారా, మీ ఇళ్ళల్లోనూ ఒకటో రెండో కేసెట్లు ఉండే ఉంటాయి. బెల్టులు తెగకముందే, టేపులు అంటుకుపోకముందే వాటిని ఎక్కించి, రెండు మూడు చోట్ల ఉంచండి. ఏ పెట్టె కొనాలన్న ఆలోచన ఆ తరువాత చేసుకోవచ్చునని నా మనవి.