జిప్ చేసేది ఒకరు, విప్పేది వేలమంది

0.8 శాతం పోగొట్టుకుని 1300 శాతం సంపాదించడం మంచి బేరమేనా? 2019 డిసెంబరు చివర్లో ఆర్చ్ లినక్స్ వాళ్లు తమ ప్యాకేజీలను ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ నుంచి జెడ్‌స్టాండర్డ్ అనే ఇంకోదానికి మార్చారు. అన్ని ప్యాకేజీల సైజూ కలిపి దాదాపు 0.8 శాతం పెరిగిందనీ, వాటిని విప్పే వేగం దాదాపు 1300 శాతం పెరిగిందనీ ప్రకటించారు. డిస్కు మీద కాస్త చోటు పోయింది, ప్రతి అప్‌డేట్‌లో వాడేవాళ్ల టైమ్ మిగిలింది.

కంప్రెషన్ టూల్ అనగానే అందరూ మొదట అడిగేది ‘ఎంత తగ్గిస్తుంది?’ అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఈ ఫైలును ఎన్నిసార్లు విప్పుతారన్నది మొదటిది. ఎలాంటి నెట్ మీద, ఎంత ర్యామ్ ఉన్న మిషన్‌లో అన్నది రెండోది. ఈ రెండిటికీ జవాబు దొరికితే టెర్మినల్‌లో ఏ కమాండ్ కొట్టాలో దానంతటదే తేలిపోతుంది.

బరిలో ఉన్నవి నాలుగు, నాలుగూ ఓపెన్ సోర్సే. జీజిప్ 1992లో వచ్చింది. అప్పటి యూనిక్స్ కంప్రెస్ కమాండ్‌ను పేటెంట్ గొడవ చుట్టుకోవడంతో, ఆ బెడద లేకుండా జాన్‌లూప్ గాయీ, మార్క్ ఆడ్లర్ దీన్ని రాశారు. 1996లో జూలియన్ సీవర్డ్ బీజిప్2 తెచ్చారు. ఎక్స్‌జెడ్ 2009 నాటిది. జెడ్‌స్టాండర్డ్ యాన్ కోలే రాసింది. ఫేస్‌బుక్ 2016లో దాని 1.0 వెర్షన్ విడుదల చేసింది.

వీటి మధ్య అసలు తేడా వెనక్కి ఎంత దూరం చూడగలవన్నదే. ఇంతకుముందు కనబడిన ముక్క మళ్లీ వస్తే, దాన్ని మళ్లీ రాయకుండా ‘ఇన్ని బైట్ల వెనక ఉంది, అక్కడ చూసుకో’ అని గుర్తు పెట్టడమే జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్‌ల కిటుకు. జీజిప్ చూపు 32 కేబీ దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌జెడ్ డీఫాల్ట్ లెవెల్ 6లో 8 ఎంబీ దాకా, లెవెల్ 9లో 64 ఎంబీ దాకా చూస్తుంది. జెడ్‌స్టాండర్డ్‌కు లాంగ్ ఆప్షన్ ఇస్తే 128 ఎంబీ దాకా వెళ్తుంది. బీజిప్2 దారి వేరు. ఫైలును గరిష్ఠంగా 900 కేబీ బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాకులోని బైట్ల వరస మార్చి కుదిస్తుంది. విప్పేటప్పుడూ ఆ చాకిరీ అంతా చేయాలి కనుక అప్పుడూ నెమ్మదే.

ఎక్స్‌జెడ్ చూపు గురించి చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఫైలు 8 ఎంబీ లోపే ఉంటే లెవెల్ 9 పెట్టినా లెవెల్ 6 కంటే ఒరిగేదేమీ లేదు. ఆ టూల్ మాన్యువల్ చెప్పేదీ అదే. ఖర్చు మాత్రం ఎక్కువ. కంప్రెస్ చేయడానికి లెవెల్ 6కు 94 ఎంబీ ర్యామ్ సరిపోతే, లెవెల్ 9 ఒక్క థ్రెడ్‌కే 674 ఎంబీ అడుగుతుంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న చవక సర్వర్ మీద రాత్రిపూట బ్యాకప్ స్క్రిప్టులో ఆ 9 పెట్టేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి. విప్పేటప్పుడు లెవెల్ 9 ఫైలుకు 65 ఎంబీ చాలు.

ఇక వేగం. ఈ పోలికలకు తరచూ వాడే సైలీషియా నమూనా పోలండ్‌లో కూర్చింది. 12 ఫైళ్లు, దాదాపు 212 ఎంబీ. దాని మీద జెడ్‌స్టాండర్డ్ లెవెల్ 1 సుమారు 2.9 రెట్లు కుదిస్తుంది, సెకనుకు 500 ఎంబీ చొప్పున. విప్పేటప్పుడు సెకనుకు 1500 ఎంబీ దాటుతుంది. జీజిప్ పద్ధతినే వాడే జెడ్‌లిబ్ లెవెల్ 1 సుమారు 2.7 రెట్లు కుదిస్తూ సెకనుకు 100 ఎంబీ దగ్గర ఉంటుంది, విప్పేటప్పుడు 400. ఇవి జెడ్‌స్టాండర్డ్ బృందం తమ సొంత పేజీలో పెట్టుకున్న అంకెలే, కాకి పిల్ల కాకికి ముద్దు. అయినా నాలుగైదు రెట్ల తేడా కొలతలోని పక్షపాతం వల్ల వచ్చేది కాదు.

ఈ వేగం మనకెప్పుడు అక్కరకొస్తుందో తేలిక అంకెలతో చూద్దాం. 400 ఎంబీ సాఫ్ట్‌వేర్‌ను జెడ్‌స్టాండర్డ్ 100 ఎంబీకి, ఎక్స్‌జెడ్ 90 ఎంబీకి కుదించాయనుకోండి. ఒక్క కోర్ మీద ఎక్స్‌జెడ్ సెకనుకు 80 ఎంబీ, జెడ్‌స్టాండర్డ్ 1000 ఎంబీ విప్పుతాయనుకోండి. అంటే విప్పడానికి ఒకదానికి 5 సెకన్లు, రెండోదానికి 0.4 సెకన్లు. నెట్ 10 ఎంబీపీఎస్ అయితే, తగ్గిన ఆ 10 ఎంబీ వల్ల డౌన్‌లోడ్‌లో 8 సెకన్లు మిగులుతాయి. కాబట్టి ఎక్స్‌జెడ్ 3.4 సెకన్లు ముందుంటుంది. అదే 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద మిగిలేది 0.8 సెకనే, ఎక్స్‌జెడ్ 3.8 సెకన్లు వెనకబడుతుంది. 17 ఎంబీపీఎస్ దగ్గర రెండూ సమానం. ఇంటింటికీ ఫైబర్ వస్తున్న రోజుల్లో ఎక్స్‌జెడ్ ఎందుకు వెనక్కి తగ్గుతోందో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఇంకో లెక్క. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, వాటిని గుర్తించడానికి 7 బిట్లు చాలు. యూటీఎఫ్-8లో మాత్రం ఒక్కో దానికి 3 బైట్లు, అంటే 24 బిట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం 18 బైట్లు. ఆ మూడేసి బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండే రెండు విలువల్లో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉంటే ఏ కంప్రెషన్ టూల్‌కైనా పండగే. చిక్కు జీజిప్ 32 కేబీ చూపు దగ్గర వస్తుంది. ఇంగ్లిషు టెక్స్ట్‌లో అది దాదాపు 32 వేల అక్షరాలు. తెలుగులో 11 వేల యూనికోడ్ గుర్తులకే అయిపోతుంది, మధ్యలో ఒక్క బైటే తీసుకునే ఖాళీలు ఉంటాయి కనుక ఇంకాస్త ఎక్కువ. పాత వార్తలు, పుస్తకాల స్కానింగ్ టెక్స్ట్, నిఘంటువు డేటా ఒక్క ఫైలుగా దాచేవాళ్లు జీజిప్ కంటే పెద్ద చూపున్న టూల్ పట్టుకోవడమే మేలు.

ఎక్స్‌జెడ్ మాట వచ్చింది కనుక 2024 మార్చి సంగతీ చెప్పాలి. ఒక పరీక్ష కోసం కొలతలు తీస్తున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ 0.3 సెకన్లకు బదులు 0.8 సెకన్లు పడుతోందని కనబడింది. ఆ అర సెకను ఎక్కడ పోతోందని తవ్వితే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారని బయటపడింది. తీవ్రత స్కోరు 10కి 10. పెట్టినవాడు మారుపేరుతో రెండేళ్లకు పైగా ప్రాజెక్టులో పనిచేసి, నిర్వాహకుడి నమ్మకం సంపాదించినవాడు. తప్పు ఎక్స్‌జెడ్ పద్ధతిది కాదు, ఆ వెర్షన్లను వెంటనే వెనక్కి తీసుకున్నారు కూడా. కానీ ఇన్ని కోట్ల మిషన్లు వాడే టూల్‌ను ఒకరిద్దరు తీరిక వేళల్లో చూసుకుంటున్నారన్నది ఏ వేగపు పట్టికలోనూ కనబడని అంకె.

నా ఓటు ఇలా. రోజూ తీసే బ్యాకప్‌కూ, లాగ్ ఫైళ్లకూ, బిల్డ్‌లకూ జెడ్‌స్టాండర్డ్ డీఫాల్ట్ లెవెల్ 3 చాలు. అవతలివాళ్ల దగ్గర ఏ టూల్ ఉందో తెలియనప్పుడు జీజిప్, ఎందుకంటే అది లేని మిషన్ కనబడటం కష్టం. కాకపోతే 4 జీబీ దాటిన ఫైలు అసలు సైజును పాత జీజిప్ తప్పుగా చూపిస్తుంది, 2022లో వచ్చిన 1.12లో అది సరైంది. ఒకసారి కుదించి, నెమ్మది నెట్ ఉన్న వేలమందికి పంచాల్సినదైతే ఎక్స్‌జెడ్. బీజిప్2కు ఇక సెలవిచ్చేయొచ్చు, లినక్స్ కెర్నల్ సైటు 2013 ముగిసేనాటికే ఆ పని చేసింది.